అలుసిచ్చిందెవరు

ఆమెను వీధిలో అందరూ పళ్ళమ్మ అని పిలిచేవారు. ఆ వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు పేరు విని, సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "డజను ఎంతమ్మా?" అని అడిగిన సందర్భాలు చాలానే ఉన్నాయి. ఆమె నవ్వుతూ తలుపు బార్లా తెరిచేది. లోపల బల్ల మీద పై దవడలూ కింది దవడలూ వరసగా నోళ్ళు తెరుచుకుని ఉండేవి. "తియ్యనివీ లేవు, పుల్లనివీ లేవు. నా దగ్గరున్నవన్నీ కొరికేవే" అనేది. వచ్చినవాళ్ళు సంచీ మడిచి చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే పోయేవారు.

ఆమె కట్టుడు పళ్ళు చేసేది. పళ్ళ డాక్టర్లు రోగి నోట్లోంచి తీసిన అచ్చులు పంపితే, వాటిలో ప్లాస్టర్ పోసి చిగుళ్ళ నమూనా తీసేది. దాని మీద మైనంతో గట్టు కట్టి ఒక్కొక్క పన్నూ నిలబెట్టేది. తరవాత మైనం కరిగించి, ఆ ఖాళీలోకి గులాబీరంగు పిండి కూరి ఉడికించేది. చివర ఆకురాయితో అరగదీసి చక్రం మీద మెరుగు పెట్టేది. ఇంటి వెనక గదిలోనే పని. ఒక కిటికీ, ఒక నీళ్ళ తొట్టి, ఒక మోటారు చక్రం, ఎటు చూసినా తెల్లటి పొడి. ఆ పొడి ఆమె కనుబొమల్లో కూడా ఉండేది. సాయంత్రం మొహం కడుక్కుని వస్తే, "ఇప్పుడు నువ్వు మళ్ళీ నాకంటే చిన్నదానివయ్యావే" అని చెల్లెలు వేళాకోళం చేసేది.

ఆ పని ఆమె భర్త దగ్గర నేర్చుకుంది. ఆయన గుండెజబ్బుతో నడివయసులోనే పోయాడు. పెద్ద కర్మ అయిపోయాక ఆమె ఆయన ఎత్తుపీట మీద కూర్చుని, సగంలో ఆగిపోయిన సెట్టు పూర్తిచేసి పంపింది. అప్పటినుంచీ ఆ పీట ఆమెదే అయింది. పెళ్ళి వద్దనుకున్న చెల్లెలు బట్టల కొట్లో పనిచేస్తూ ఆమెతోనే ఉండేది. ఇద్దరు ఆడవాళ్ళు, రెండు గదులు, ఒక పనిగది. ఒకరికి చెయ్యి చాచకుండా బతుకు సాగిపోతోంది.

కానీ పళ్ళమ్మ నోటికి 'కాదు' అనే మాట తిరిగేది కాదు. ఎంతమందికి ఎన్ని పళ్ళు కట్టినా, తన నోట్లో ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ ఊడిపోయే ఉండేది.

వాళ్ళ అమ్మ బతికున్నప్పుడు ఆ సంగతి పట్టుకుని రోజూ సతాయించేది. ఆ తల్లికి 'అలుసు' అనే మాట ఉప్పులాంటిది, ఏ సంభాషణలోనైనా చిటికెడు పడాల్సిందే. పాలు పొంగితే, "కాస్త తల తిప్పితే చాలు, పాలకి కూడా మనమంటే అలుసే" అనేది. పిల్లి గడప దాటితే, "ఇవాళ అలుసిచ్చావు, రేపు పరుపెక్కుతుంది చూడు" అనేది. బళ్ళో ఎవరో పెన్సిలు తీసుకుని తిరిగివ్వకపోతే పెద్దకూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వు ఊరందరికీ అలుసైపోతావే. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందంటారు. కాస్త గట్టిగా ఉండటం నేర్చుకో" అని తలంటేది. మొగుడు కేకలేసిన రోజు మాత్రం గోడకేసి తిరిగి, "నోరులేనిదాన్నని అలుసు" అని తనలో తను అనుకునేది.

ఇన్ని రకాలుగా ఆ మాట విన్నా, పళ్ళమ్మకి ఒక్కటే బోధపడింది. అలుసు అనేది తన దగ్గరే ఎక్కడో ఉంది. తనే దాన్ని అందరికీ పంచిపెడుతోంది. కాబట్టి ఏది జరిగినా తప్పు తనదే.

డాక్టరు ఆమె జీవితంలోకి వచ్చినప్పుడు ఇంకా కుర్రాడే. కొత్తగా చదువు ముగించుకుని, మెట్ల కింద చీకటి గదిలో ఒక్క కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి సెట్టు చేయించుకోవడానికి తనే స్వయంగా వచ్చాడు. "అక్కా, మీరు పెద్దవారు. నాకు ఇక్కడ ఎవరూ తెలీదు. మీరే దారి చూపించాలి" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పళ్ళమ్మకి తమ్ముళ్ళు లేరు. ఆ పిలుపు ఆమె గుండెకి తగిలింది.

అతను తీసిన అచ్చులు మొదట్లో ఏమీ బాగుండేవి కావు. అంచులు చిరిగేవి, గాలిబుడగలు ఉండేవి. ఆమె తిప్పి పంపకుండా ఎలాగో సర్ది చేసేది. సెట్టు వదులైతే రోగి ముందు అతను, "ల్యాబువాళ్ళు పాడుచేశారండీ" అనేవాడు. ఆమె మళ్ళీ చేసేది. ఆ సంగతి రోగి పెళ్ళాం వచ్చి చెప్పినప్పుడు కూడా, "పోనీలెండి, చిన్నవాడు" అనేది.

అతని గది పెద్దదైంది. కుర్చీలు మూడయ్యాయి. బోర్డు రాత్రి వెలిగే రకం అయింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "అక్కా, చిన్న పని" అనే మాట మాత్రం మారలేదు. పండగో సెలవో చూడకుండా పంపే తొందర సెట్టు చిన్న పనే. వాళ్ళ అమ్మాయి బళ్ళో పెట్టాల్సిన ప్లాస్టర్ అగ్నిపర్వతం కూడా చిన్న పనే. దాని లోపలినుంచి ఎర్రరంగు నురగ పొంగాలి. పొంగింది కూడా. అమ్మాయికి మొదటి బహుమతి వచ్చిందని తరవాత ఎవరో చెబితే పళ్ళమ్మకి తెలిసింది. వాళ్ళ కుక్క కుర్చీ కోడు కొరికితే, దానికి ప్లాస్టర్ అతికే పని కూడా ఆమె దగ్గరికే వచ్చింది. ఏకులా వచ్చినవాడు మేకై కూర్చున్నాడు.

"నువ్వే అలుసిచ్చావు" అనేది చెల్లెలు, అచ్చం అమ్మలాగే.

"చిన్న పనేగా" అనేది అక్క.

ఇదంతా ఎంతైనా సహించదగ్గదే. రోజూ కాస్త కాస్త అరగడం మనిషికి అలవాటవుతుంది. అసలు కథ ఒక మధ్యాహ్నం మొదలైంది.

డాక్టరు చేతిలో ప్లాస్టిక్ సంచీతో వచ్చాడు. ఎప్పటిలాగే ఈల వేసుకుంటూ లోపలికి వచ్చి, ఆమె ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. ఊరి చివర వృద్ధాశ్రమం ఉంది కదా, అక్కడున్న పళ్ళులేని వాళ్ళందరికీ కొత్త సెట్లు పెట్టించడానికి ఒక సేవా సంఘం ముందుకొచ్చిందనీ, ఆ పని తనకే ఇచ్చారనీ చెప్పాడు.

"మంచిమాట చెప్పావు బాబూ" అంది పళ్ళమ్మ నిజంగా సంతోషించి.

"మంచిమాటే కానీ ఒక్కొక్కటీ మొదటినుంచీ చేస్తూ కూర్చుంటే ఎప్పటికి తేలేను? అందుకే ఇది చూడు" అని సంచీ బల్ల మీద బోర్లించాడు.

కట్టుడు పళ్ళు గలగలమని రాలాయి. వాడిన పళ్ళు. కొన్నిటికి టీ మరకలు. కొన్నిటి సందుల్లో ఎప్పటిదో తిండి ఎండి నల్లగా గట్టిపడి ఉంది. ఒకదాని అంచు విరిగి ఉంది. ఒక పై సెట్టు దొర్లుకుంటూ వచ్చి ఆమె చేతికి తగిలి ఆగింది. దానికి ఎడమపక్క కోరపన్ను కొద్దిగా వంకరగా ఉంది. చిల్లరకొట్టు ముసలాయన కావాలని అలా పెట్టించుకున్నాడు. "మరీ తిన్నగా ఉంటే మా ఆవిడ నన్ను గుర్తుపట్టదమ్మా" అన్నాడు. ఆయన పోయిన సంవత్సరం పోయాడు.

"ఇవి ఎక్కడివి?" అంది.

"చచ్చిపోయినవాళ్ళవి. ఇంట్లో ఉంచుకోవడం ఎందుకని తెచ్చి నా దగ్గర పారేసి పోతారు. పారెయ్యడం ఎందుకని నేను ఒక డబ్బాలో వేసి ఉంచాను. చూశావా, దేనికైనా టైము రావాలి" అని నవ్వాడు. "ఉడికించి, లోపల కొత్త పొర వేసి, అటూఇటూ కాస్త అరగదీసి, మెరుగు పెట్టు. ఎవరికి ఏది సుమారుగా సరిపోతే అది. నీకు ఎంతసేపు పని?"

ఆమె ఆ వంకర కోరపన్ను సెట్టుని తన వైపు జరుపుకుంది.

"ముసలాళ్ళకేం తెలుస్తుందక్కా? సగంమందికి తమ పేరే గుర్తులేదు. వాళ్ళు తాగేది జావ. పళ్ళున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అడిగే నాథుడు లేడు." ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఇంకో ల్యాబుకి ఇస్తే సవాలక్ష ప్రశ్నలేస్తారు. నీ దగ్గర నాకు దాపరికం ఏముంది? నువ్వు మా మనిషివి."

బల్ల మీద ఉన్నవాటికంటే ఎదురుగా ఇకిలిస్తున్న అతని తెల్లటి సొంత పళ్ళే ఆమెకు ఎక్కువ రోత పుట్టించాయి. ఈ మనిషి దొంగతనంగా కూడా చెయ్యట్లేదు. గోడ ముందో, బల్ల ముందో బట్టలు మార్చుకున్నట్టు, తన ముందు సిగ్గు విప్పి కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో తను అతనికి అలా తయారయింది.

చెంప పగలగొట్టాలనిపించింది. కానీ నోరు తనకి అలవాటైన మాటే అంది.

"సరే, చూస్తాలే."

అతను వెళ్ళిపోయాక ఆమె చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. సబ్బు అరిగింది కానీ ఆ 'సరే' మాత్రం నోట్లోంచి పోలేదు.

చెల్లెలు విషయం విని మొదట ఛీ అంది. "శవాల మీద పేలాలు ఏరుకునే రకం" అని తిట్టింది. తరవాత ఇంకో గొంతుతో మాట్లాడింది. "అయినా నీకెందుకే? నువ్వు కాదంటే ఇంకొకరు చేస్తారు. ఈ ఊళ్ళో సగం పని అతనిదే. రేపు అతను పంపడం మానేస్తే ఈ చక్రం దేనికి తిప్పుకుంటావు?"

"అలుసిచ్చావు, అలుసిచ్చావు అని రోజూ నన్ను తిడతావు కదే?"

"తిడితే? ఇప్పుడు మాత్రం నేను చెప్పింది వినకు!"

పళ్ళమ్మ మూడు సెట్లు చేసింది. ఎందుకు చేశావని తరవాత ఎందరు అడిగినా, చేతులు వాటంతట అవి చేశాయనేది. వాటిని ఉడికించినప్పుడు గిన్నె మీంచి లేచిన ఆవిరిలో ఎవరెవరి నోటివాసనలో కలిసి గదంతా నిండాయి. కిటికీ తెరిచింది. తెరిచినా పోలేదు. పెరటి గోడ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకుని, నోరు పుక్కిలించి, వచ్చి మళ్ళీ పీట మీద కూర్చుంది. వంకర కోరపన్ను సెట్టుని మాత్రం ముట్టుకోలేదు. దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

మిగతావి ఇంకా కాలేదని కబురు పంపితే, "ఉన్నవాటితోనే మొదలుపెడదాం, ఫొటోలు తియ్యాలట. నువ్వూ రా, అక్కడ అరగదియ్యాల్సొస్తే చెయ్యి సాయం ఉండాలి" అని డాక్టరు ఆమెను కారులో ఎక్కించుకుపోయాడు.

వృద్ధాశ్రమంలో అది పొడుగాటి హాలు. రెండు వైపులా ఇనప మంచాలు, నేల మీద ఫినాయిలు వాసన, కిటికీ చువ్వలకి ఆరేసిన తువ్వాళ్ళు. వార్డెనమ్మ ముగ్గురిని ముందుగానే కుర్చీల్లో కూర్చోబెట్టి, మెడ చుట్టూ తెల్లగుడ్డలు కట్టి ఉంచింది. సంఘంవాళ్ళ తరఫున ఒకాయన కెమెరా పట్టుకుని నిలబడ్డాడు.

మొదటి కుర్చీలో ఒక పాత లారీడ్రైవరు. సెట్టు పెట్టగానే దవడ అటూఇటూ ఆడించి, రెండుసార్లు టకటకలాడించి తల ఊపాడు. రెండో ఆయనకి పక్షవాతం, మాట రాదు. డాక్టరు ఆయన పెదవి వేలితో పైకి లాగి సెట్టు దూర్చాడు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "ఆనందబాష్పాలు! తియ్యండి, తియ్యండి" అన్నాడు డాక్టరు కెమెరా ఆయనతో. "నవ్వాలి తాతగారూ! పళ్ళు కనబడాలి!"

పళ్ళమ్మ చువ్వల్లోంచి బయటికి చూస్తూ నిలబడింది.

మూడో కుర్చీలో సన్నగా, నిటారుగా ఒక టీచరమ్మ కూర్చుని ఉంది. బళ్ళో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. డాక్టరు నోరు తెరవమనకముందే, "ఇవి కొత్తవేనా బాబూ?" అని అడిగింది.

"ఫ్యాక్టరీలోంచి వచ్చినంత కొత్తవి. అడగండి మా అక్కని, రాత్రీపగలూ కూర్చుని మీకోసమే చేసింది."

టీచరమ్మ పళ్ళమ్మ వంక చూసింది. పళ్ళమ్మ తల దించుకుంది. సెట్టు నోట్లో పడింది. టీచరమ్మ నోరు మూసి, ఒక నిమిషం దేన్నో వింటున్నట్టు కూర్చుంది. నాలుకతో అటూఇటూ తడిమింది. తరవాత వేళ్ళు పెట్టి సెట్టు బయటికి తీసి అరచేతిలో పట్టుకుంది.

"నా నోట్లో ఇంకెవరో ఉన్నట్టుంది" అంది.

డాక్టరు నవ్వాడు. "కొత్తల్లో అందరికీ అలాగే ఉంటుందండీ."

"కాదు. ఈ పళ్ళు ఎడమవైపు అరిగున్నాయి. నేను జీవితమంతా కుడివైపు నమిలేదాన్ని. ఈ మనిషెవరో ఎడమవైపు నమిలేది." ఆమె గొంతులో కోపం లేదు. భయం ఉంది. "ఎవరమ్మా ఈవిడ? ఏమైంది ఈవిడకి?"

ఆ ప్రశ్న పళ్ళమ్మనే అడిగింది. హాల్లో మిగతా మంచాలమీద వాళ్ళు కూడా లేచి కూర్చుని ఇటే చూస్తున్నారు.

"పోయారు టీచరమ్మా" అంది పళ్ళమ్మ. "మీ చేతిలో ఉన్నవి చనిపోయినవాళ్ళవి. వీళ్ళిద్దరివీ అంతే. నేనే ఉడికించి, మెరుగుపెట్టి తెచ్చాను. తీసెయ్యండి."

ఆ మాటలు తన నోట్లోంచే వచ్చాయని నమ్మడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. మాటరాని పెద్దాయన ఒక్క ఉదుటున నోట్లోది ఊసేశాడు. అది గచ్చు మీద పడి డాక్టరు బూటు దాకా జారింది. పాత లారీడ్రైవరు మాత్రం నోరు గట్టిగా మూసుకున్నాడు. "ఎవరివైతే నాకేంటి? కొరుకుడు పడుతోంది. నేనివ్వను" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

"అక్కకి పని ఎక్కువై మతి చలించింది" అన్నాడు డాక్టరు నవ్వు చెదరనివ్వకుండా. కెమెరా ఆయన కెమెరా దించేశాడు. వార్డెనమ్మ ఇద్దరినీ భుజాలు పట్టుకుని వరండాలోకి నెట్టుకొచ్చి తలుపు వేసింది. "ఇక్కడ అల్లరి చెయ్యకండి, మా పేరు పోతుంది" అంది. పోయేది ఆమెకి పేరొక్కటే మరి.

వరండాలో డాక్టరు నవ్వు ఊడిపోయింది.

"బుద్ధుందా నీకు? నా పరువు తీశావు."

"బాబూ, ఆవిడ నోట్లో..."

"నువ్వేం పతివ్రతవి? చేసింది నీ చేతులు కావా? రేపు ఎవరైనా అడిగితే ల్యాబు నన్ను మోసం చేసిందంటాను. నీ మాట ఎవరు వింటారు?"

"చేసింది నేనే" అంది ఆమె. "ఎవరడిగినా అదే చెబుతాను."

అతనికి ఆ జవాబు ఎటు పట్టుకోవాలో తెలియలేదు. మెత్తబడి చూశాడు. "అక్కా, నేను నిన్ను ఎప్పుడైనా బలవంతపెట్టానా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నువ్వు కాదన్నావా? కాదంటే నేను చేయించేవాణ్ణా? అలుసుగా తీసుకున్నానని ఇప్పుడంటే ఎలా? నువ్వేగా ఇచ్చావు?"

అమ్మ అన్న మాట, చెల్లెలు అన్న మాట. ఇప్పుడు ఇతని నోట్లో అదే మాట.

"నా సంగతి వదిలెయ్యి" అంది. "లోపల ఆ పెద్దాయన నీకేమిచ్చాడు? నోరు కూడా లేదే ఆయనకి!"

అని మెట్లు దిగి, రోడ్డు మీదికి నడిచి, బస్సెక్కి ఇంటికి వచ్చేసింది.

కథల్లోలాగా ఆ మర్నాడు న్యాయం తలుపు తట్టలేదు. వార్డెనమ్మ విషయం బయటికి పొక్కనివ్వలేదు. సంఘంవాళ్ళు చడీచప్పుడూ లేకుండా డాక్టరుని మార్చి, దాతల ఫొటోల్లోంచి ఆ రోజు ఫొటోలు తీసేశారు. అతను ఊళ్ళో పళ్ళ డాక్టర్లందరికీ, "ఆ ల్యాబావిడ పాత సరుకు అంటగడుతోంది, జాగ్రత్త" అని చెప్పుకొచ్చాడు. వాళ్ళలో చాలామంది అచ్చులు పంపడం మానేశారు. చక్రం తిరగని రోజులు వచ్చాయి. ఇంటికి సరుకులు చెల్లెలి సంపాదన మీదే వచ్చేవి.

వాటన్నిటికంటే ఆమెను కుంగదీసింది ఇంకొకటి. చెల్లెలు తనకి చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళి, "మా అక్క అమాయకురాలు, మనసులో పెట్టుకోకండి" అని బతిమాలి వచ్చింది.

"నా తరఫున క్షమాపణ అడగడానికి నువ్వెవరే?" అని పళ్ళమ్మ మొదటిసారి ఇంటికప్పు ఎగిరేలా అరిచింది.

"నిన్ను కాదు, నన్ను చూసుకున్నాను!" అని చెల్లెలు అంతకంటే గట్టిగా అరిచింది. "ఎప్పుడూ లేనిది ఇప్పుడు నీకు రోషం పొడుచుకొచ్చింది. దాన్ని మొయ్యాల్సింది నేనా? నేనూ నీకు అలుసేనా?"

అందులో నిజం ఉంది. ఇద్దరూ కొన్నాళ్ళు మాట్లాడుకోలేదు. తరవాత ఒకరోజు చెల్లెలు కొట్టునుంచి వస్తూ మెరుగుపెట్టే గుడ్డల కట్ట తెచ్చి పనిగదిలో పెట్టింది. మాటలు మళ్ళీ అక్కడినుంచి మొదలయ్యాయి.

డాక్టరు తెచ్చిన సంచీలోవి ఇంకా చాలా మిగిలి ఉన్నాయి. పళ్ళమ్మ వాటిని తిప్పి పంపలేదు. పంపితే ఇంకెవరి నోట్లోకో పోతాయి. పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది. చిల్లరకొట్టు ముసలాయన సెట్టుని మాత్రం ఆయన భార్యకి తీసుకెళ్ళి ఇచ్చింది. ఆవిడ గుడ్డ విప్పి, వంకర కోరపన్ను చూసి, "ఇది పారేశానని రోజూ ఏడుస్తున్నానమ్మా" అని బీరువాలో దాచుకుంది. మనుషులు ఇలాంటివి కూడా దాచుకుంటారని ఆ డాక్టరుకి ఈ జన్మలో తెలియదు.

సంఘంవాళ్ళు కొత్తగా పని అప్పగించింది ఈ మధ్యే ఊరికి వచ్చిన ఒక లేడీడాక్టరుకి. ఆమె అందరి మాటలూ విని, చివరికి పళ్ళమ్మ దగ్గరికే వచ్చి, జరిగింది మొత్తం చెప్పమంది. పళ్ళమ్మ తను చేసిన మూడు సెట్లతో సహా చెప్పింది. "మరి కొత్తవి మీరే చెయ్యండి. మీకైతే నిద్రపట్టదు కాబట్టి బాగా చేస్తారు" అంది లేడీడాక్టరు. అది మెప్పో చురకో పళ్ళమ్మకి తెలియలేదు. రెండూ అనుకుని ఒప్పుకుంది.

అలా ఆమె మళ్ళీ ఆ పొడుగాటి హాల్లోకి వెళ్ళింది. మొదట్లో ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. మాటరాని పెద్దాయన ఆమెను చూడగానే దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. ఆయనకి చివరిదాకా సెట్టు పెట్టడం కుదరలేదు. బోసినోటితోనే పోయాడు. ఆ బాధ్యత నుంచి ఆమె ఎప్పుడూ తప్పించుకోలేదు. పాత లారీడ్రైవరు తన నోట్లోది ఊడదీయడానికి ససేమిరా అన్నాడు. కొత్తది చేసిపెట్టాక, ఆ పాతది కూడా స్పేరుగా ఉంచుకుంటానని పేచీ పెట్టాడు.

టీచరమ్మ మాత్రం మంచం పక్కన కూర్చోమంది. పళ్ళు లేని ఆమె మాట జారుతూ వచ్చేది.

"ఆ రోజు వరండాలో మీరు అరుచుకున్నదంతా వినబడింది. అలుషు అన్నాడు కదూ అతను?" అంది. వెంటనే తన ఉచ్చారణకి తనే నవ్వింది. "చూశావా, లకారం, సకారం దంత్యాలు. పళ్ళు లేనిదే ఆ మాట కూడా పలకలేను."

"మా అమ్మ కూడా అదే అనేది టీచరమ్మా. నువ్వే అలుసిచ్చావని. అందరూ అదే అంటారు."

"అవును, మన భాషలో అలుసు ఇవ్వడం అంటాం. నేనూ పిల్లలకి వాక్యాలు అలాగే రాయించాను. దొంగ వస్తే, దొంగకి సొమ్ము ఇచ్చాడంటామా? దోచుకున్నాడంటాం. ఒక్క అలుసు విషయంలోనే పోగొట్టుకున్నవాణ్ణి ఇచ్చినవాణ్ణి చేశాం." ఆమె ఆయాసపడి ఆగింది. "ఆ మాట ఎవరు పుట్టించారో గానీ తీసుకునేవాడే పుట్టించి ఉంటాడు."

పళ్ళమ్మ దానిమీద చాలా రోజులు ఆలోచించింది. అమ్మ తప్పు చెప్పిందని అనుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. అమ్మ కూడా ఆ మాటతో దెబ్బలు తిన్నదే. తనకి తగిలినదాన్నే జాగ్రత్తగా కూతురి చేతిలో పెట్టింది, అంతే.

మరి కొన్నాళ్ళకి డాక్టరు వచ్చాడు. ఏమీ జరగనట్టే ఈల వేసుకుంటూ, చేతిలో అచ్చుల డబ్బా పట్టుకుని. దూరంగా ఉన్న కొత్త ల్యాబువాళ్ళు ఆలస్యం చేస్తున్నారట, తిప్పి పంపుతున్నారట. "ఏంటక్కా, కోపం తగ్గిందా?" అన్నాడు గుమ్మంలోంచే. "చిన్న పని."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎక్కడైనా సిగ్గు ఉంటుందేమోనని వెతికింది. అతని లెక్కలో ఆ రోజు జరిగింది అక్కకి వచ్చిన కోపం, అంతకంటే ఏమీ కాదు. తన వైపు ఏమీ జరగలేదు. ఎండిన తిండి సందుల్లో ఇరుక్కున్న ఆ సంచీలో పళ్ళు కూడా ఇంతకంటే శుభ్రంగా ఉన్నాయనిపించింది.

"కోపం కాదు డాక్టరుగారూ" అంది. 'బాబూ' అనే మాట నోటికి రాలేదు. "కోపమైతే తగ్గేది. మిమ్మల్ని చూస్తే నాకు డోకొస్తోంది. ఆ డబ్బా నా బల్ల మీద పెట్టకండి."

అతను ఏదో అనబోయి, కిటికీ దగ్గర నిలబడి వింటున్న చెల్లెల్ని చూసి ఆగిపోయాడు. "రోజులు బాగాలేవు" అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అతని బోర్డు ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. కుర్చీలు ఇంకా పెరిగాయని అక్కాచెల్లెళ్ళు విన్నారు. పళ్ళమ్మ ఆ రోడ్డు వైపు వెళ్ళడం మానుకుంది.

'కాదు' అనే మాట ఆమెకు పూర్తిగా వచ్చేసిందని కాదు. ఇప్పటికీ ముందు 'సరే' అనేస్తుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఉండండి, కుదరదు" అంటుంది. వీధిలోవాళ్ళకి అది నవ్వులాట అయింది. "పళ్ళమ్మ సరే అంటే ఇంకా సగమే అన్నట్టు" అనుకుంటారు.

టీచరమ్మ సెట్టు తయారైన రోజు ఆమె స్వయంగా తీసుకెళ్ళింది. కొత్త పళ్ళు, కుడివైపు బలంగా నమలగలిగేలా అమర్చినవి. టీచరమ్మ పెట్టుకుని, అద్దంలో చూసుకుని, త థ ద ధ న అని గట్టిగా చదివింది. పక్క మంచాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆమె మొహం చిట్లించింది.

"వెనకాల గుచ్చుతోందమ్మా. పాత చిగుళ్ళే హాయిగా ఉన్నాయి. వీటిని తీసుకుపో."

"తీసుకుపోవడం కుదరదు" అంది పళ్ళమ్మ. సంచీలోంచి ఆకురాయి తీసి, మంచం అంచున కూర్చుని, చెయ్యి చాచింది. "ఎక్కడ గుచ్చుతోందో చూపించండి."